విమానములో పైలట్లు, పరిచారికలు: ఒక చిన్న చరిత్ర

మా నిడుగల్లు కొండకు రైలు రాలేదు. విమానము సంగతి చెప్పనే అక్కరలేదు. 12, 13 శతాబ్దులలో ఇరుంగోళుడను పేరుగల చోళరాజులు ఏలిన గిరిదుర్గము అది. తెలుగు, కన్నడము రెండును ఇంటిభాషలుగా వినిపించు పావగడ తాలూకాలో ఉన్నది. మా పెద్దలు రైలెక్కవలెనంటే హిందూపురమునకో పెనుకొండకో పోవలసివచ్చెడిది. అటువంటి సీమవాడు, అందులోను రైల్వేలో గుమాస్తా పని చేసుకొనువాడు, విమానములను గురించి వ్రాయుట ఏమిటని పాఠకులు అనుకొనవచ్చును.

కారణము లేకపోలేదు. ఒకప్పుడు మన తెలుగువారు పొట్ట చేతబట్టుకొని రైల్వేలకు, మిల్లులకు, గనులకు పనికి వచ్చి పరాయిచోట స్థిరపడినారు. వారి మనుమలు, మనుమరాండ్రు నేడు దేవనహళ్ళిలోను, శంషాబాదులోను విమాన ఉద్యోగములు చేయుచున్నారు. యూనిఫారము వేసుకొని, చక్రముల పెట్టె లాగుకొని, తెల్లవారుజామున మూడు గంటలకు డ్యూటీకి పోవు ఆడపిల్ల ఇప్పుడు మన వీధులలో వింత కాదు. అయినను పెండ్లిచూపుల వేళ "అమ్మాయి విమానములో పని" అనగానే, "కాఫీలు అందించు పనియా?" అని మొగము చిట్లించు పెద్దలు ఇంకను ఉన్నారు. అదే విమానములో పైలటుగా ఉన్న పిల్లవాని మాట వచ్చినప్పుడు మాత్రము కుర్చీ వేసి మర్యాద చేయుదురు. ఈ రెండు ఉద్యోగముల నడుమ దూరము ఎక్కడ పుట్టినది, ఆ దూరము వలన ఎన్ని ప్రాణములు పోయినవి, దానిని తగ్గించుటకు ఎవరెవరు పాటుపడినారు అను సంగతి మన కుటుంబములకు తెలియుట మంచిదని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

రైలుబండి నేర్పిన పాఠము

ముందుగా నాకు తెలిసిన రైలుబండితో మొదలుపెట్టెదను. బండికి ముందు డ్రైవరు, చివర గార్డు. నేడు డ్రైవరును లోకో పైలటు అనియు, 2022 జనవరి నుండి గార్డును ట్రైన్ మేనేజరు అనియు పిలుచుచున్నారు. పేరు ఏదైనను పద్ధతి పాతదే. సిగ్నలు పచ్చగా ఉన్నను, గార్డు పచ్చజెండా చూపనిదే డ్రైవరు ప్రయాణికుల బండిని కదల్చరాదు. బండి ఆపుట, కదలుట మొదలగు విషయములలో ఇంజను క్షేమమునకు భంగము లేనంతవరకు డ్రైవరు గార్డు చెప్పినట్లు వినవలెనని రూల్సు పుస్తకమే చెప్పుచున్నది. ప్రమాదము తోచినచో గార్డు తన పెట్టెలోనుండియే బ్రేకు వేయవచ్చును.

దీని భావమేమి? ఇంజనులో ఉన్నవానికి ముందున్న పట్టాలు కనబడును. వెనుక పెట్టెలో పొగ వచ్చినది, తలుపులో ఒకరు వ్రేలాడుచున్నారు అనునది కనబడదు. కనుక వెనుక ఉన్నవాని కన్నులకును, మాటకును రూల్సులోనే స్థానమిచ్చినారు. ఇద్దరి జీతములు వేరు కావచ్చును, స్నేహము ఉండవచ్చును, లేకపోవచ్చును. జెండా మాత్రము ఇద్దరికిని ఒకటే.

విమానములో ఈ ఏర్పాటు మొదటినుండి లేదు. అక్కడనే కథ ఆరంభమైనది.

మొదటి రోజులు

ఆకాశయానములో ప్రయాణికులకు పరిచర్య చేసిన మొదటి ఉద్యోగి స్త్రీ కాదు, పురుషుడు. జర్మనీదేశపు హైన్‌రిచ్ కూబిస్ అనునతడు 1912లో జెప్పెలిన్ వాయునౌకలో ఆ పనికి కుదిరినాడు. 1937 మే 6న హిండెన్‌బర్గ్ వాయునౌక తగులబడినప్పుడు అందులో ముఖ్య పరిచారకుడు అతడే. ప్రయాణికులను దూకించి, తానును దూకి బ్రతికినాడు. అనగా ఈ వృత్తి పుట్టిన తొలి తరములోనే దాని అసలు పని బయటపడినది. కాని లోకము ఆ పాఠమును గ్రహించుటకు చాలకాలము పట్టినది.

స్త్రీలు వచ్చినది 1930లో. అమెరికాలో ఎలెన్ చర్చ్ అను నర్సు ఉండెడిది. ఆమె విమానము నడుపుటకూడ నేర్చుకొన్నది. పైలటు పని ఇమ్మని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్టు కంపెనీని అడిగినది. ఆడువారికి ఆ పని ఇచ్చు రోజులు కావవి. అప్పుడామె, ప్రయాణికుల భయము పోగొట్టుటకు నర్సులను విమానములలో పెట్టుడని సలహా చెప్పినది. కంపెనీ ఒప్పుకొన్నది. 1930 మే 15న ఆమె మొదటి పరిచారికగా విమానమెక్కినది. పైలటు కాదగినది పరిచారిక అయినది. ఈ వృత్తుల చరిత్రలో మొదటి ముడి ఇదియే అని నా అభిప్రాయము.

ఆ నర్సులకు పెట్టిన షరతులు వినుడు. పెండ్లి కారాదు. వయస్సు 25 ఏండ్లు దాటరాదు. బరువు 115 పౌన్లు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళములు మించరాదు. పైలట్లు విమానమెక్కునప్పుడు సైనికుల వలె నిటారుగా నిలిచి సలాము చేయవలెనని వారి నియమావళిలో ఉండెడిది. సలాము చేయువాడు ప్రశ్న అడుగడు. "అయ్యా, రెక్కమీద మంచు కనబడుచున్నది" అని చెప్పుటకు ఆ సలాములో చోటు లేదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

మన దేశములో

మన దేశమున వాణిజ్య విమానయానమునకు తొలి ఘట్టము మన సీమకు దగ్గరగానే నడిచినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటాగారు కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానము నడిపినారు. అక్కడినుండి నెవిల్ విన్‌సెంట్ అను ఆయన బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినారు. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోనిది, తెలుగువారును కన్నడిగులును కలసియున్న జిల్లా. ఆ చిన్న విమానములో పైలటు, టపా సంచులు తప్ప వేరెవరును లేరు. కనుక సంబంధముల సమస్యయు లేదు. టాటావారి ఆ సంస్థయే 1946లో ఎయిర్ ఇండియా అయినది. 1948 జూన్ 8న దాని అంతర్జాతీయ శాఖ బొంబాయి నుండి లండనుకు సేవ ప్రారంభించినది. ప్రయాణికులు పెరిగిన కొలది పరిచారికలును వచ్చినారు.

తెలుగునాట హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీ 1945లో ఏర్పడినది. నిజాం రాష్ట్రమును టాటావారును అందులో భాగస్థులు. బేగంపేటనుండి డకోటా విమానములు నడిపినారు. ఆ రాష్ట్రపు రైల్వేకు కూడ అందు సంబంధముండెడిది. ఆ రైల్వే వారు 1932 నుండియే బస్సులు నడుపుచుండిరి. రైలు, బస్సు, విమానము మూడింటికిని ఒకే ఇంటి చుట్టరికమన్నమాట.

ఈ డెక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రలో ఒక గొప్ప సంగతి కలదు. 1947లో వాణిజ్య పైలటు లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతిని పలు కంపెనీలు తిప్పి పంపినవి. ఆడది నడుపుచున్నదంటే ప్రయాణికులు ఎక్కరని చెప్పినవారును ఉన్నారు. ఆమెకు పని ఇచ్చినది మన హైదరాబాదు కంపెనీయే. 1949లో ఆమె జాతీయ విమాన పందెములో గెలిచినది. అయినను అక్కడ ఆమె కో-పైలటుగానే ఉండిపోయినది. కమాండరు కుర్చీ ఇచ్చుటకు కంపెనీకి మనసు రాలేదు. తలుపు తెరచినారు గాని గడప దాటనీయలేదు. ఎలెన్ చర్చ్‌కు 1930లో జరిగిన దానికన్న ఇది మేలే. కాని పూర్తి న్యాయము కాదు.

1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా 8 దేశీయ కంపెనీలు కలసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయినవి. అంతర్జాతీయ సేవలకు వేరొక కార్పొరేషను ఏర్పడినది. ఈ సంస్థలలో ముందు కుర్చీలు దాదాపు అన్నియు మగవారివి. ఏ రూట్లు, ఏ హోటళ్ళు, ఎంత భత్యము అను విషయములన్నిటను పైలట్లకు ఒక త్రాసు, వెనుకవారికి ఇంకొక త్రాసు. ఇవి రెండు యూనియన్లు, రెండు లోకములు. ఒకే విమానములో ఒకే ఎత్తున ఎగురుచున్నను ఒకరి పేరు మరొకరికి తెలియకుండ ప్రయాణము ముగియుట మామూలు విషయము.

కోర్టు మెట్లు

వెనుకవారిలో కూడ స్త్రీలకు వేరు నియమములు. ఎయిర్ ఇండియాలో మగ పరిచారకుడు ఉద్యోగుల మామూలు విరమణ వయస్సు వరకు పని చేయవచ్చును. పరిచారిక మాత్రము 35 ఏండ్లకు దిగిపోవలెను. ఉద్యోగములో చేరిన 4 ఏండ్లలోపల పెండ్లి చేసుకొన్నచో అప్పుడే పోవలెను. మొదటి గర్భము వచ్చిన వెంటనే పోవలెను. 35 దాటిన పిమ్మట ఎవరిని ఉంచుకొనవలెనో మేనేజింగు డైరెక్టరుగారి ఇష్టము.

ఒక్కసారి ఆలోచింపుడు. ఈ షరతులలో ఉన్న యువతి కెప్టెనుతో ఎదురు మాటాడగలదా? నాలుగైదు ఏండ్లు పని చేసి పోవునది, అందముకొరకు పెట్టుకొన్నది అను భావము పైవారికి కలుగుటలో ఆశ్చర్యమేమున్నది? అనుభవము పండు వయస్సుకే ఇంటికి పంపినచో, ఇరువది ఏండ్ల అనుభవము గల కెప్టెను మాటకు సరితూగు మాట వెనుకనుండి ఎట్లు వచ్చును?

నర్గేష్ మీర్జా మొదలగువారు ఈ నియమములపై వ్యాజ్యము నడిపినారు. 1981 ఆగస్టు 28న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. గర్భము వచ్చినదని ఉద్యోగము తీసివేయుట క్రూరమనియు, భారత స్త్రీత్వమునకు అవమానమనియు ఆ నియమమును కొట్టివేసినది. మేనేజింగు డైరెక్టరు ఇష్టానుసారము కొనసాగించు అధికారమును కూడ కొట్టివేసినది. కాని పరిచారికలు, మగ పరిచారకులు వేరు వేరు తరగతులనియు, కనుక విరమణ వయస్సులో తేడా తప్పు కాదనియు చెప్పినది. నాలుగేండ్ల పెండ్లి నియమమును కూడ నిలిపినది. సగము గెలుపు, సగము ఓటమి. తరువాత ఒక్కొక్క మెట్టు ఎక్కుచు పోయినారు. విమానములో సిబ్బందికి పైనుండు సూపర్‌వైజరు పదవి చిరకాలము మగవారిదే. 2005లో ఎయిర్ ఇండియా దానిని స్త్రీలకును తెరచినది. దానిని కొందరు మగ ఉద్యోగులు ఎదిరించగా, 2011లో సుప్రీం కోర్టు స్త్రీల పక్షమున తీర్పు చెప్పినది.

మౌనము ఖరీదు

ఇంతవరకు చెప్పినది గౌరవము సంగతి. ఇక ప్రాణముల సంగతి.

1977 మార్చి 27న స్పెయిను దేశమునకు చెందిన టెనెరిఫె ద్వీపములో రెండు జంబో విమానములు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించినారు. పొగమంచులో ఒక విమానపు కెప్టెను తొందరపడి బయలుదేరినాడు. రెండవ విమానము ఇంకను రన్‌వే మీద ఉన్నదేమో అని అతని ఫ్లయిటు ఇంజనీరు సందేహము వెలిబుచ్చినాడు. కెప్టెను ఆ కంపెనీలో పేరుమోసిన గురువు. "లేదు లేదు" అన్నట్లు తోసిపుచ్చినాడు. ఇంజనీరు మరల నోరెత్తలేదు.

1978 డిసెంబరు 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ వద్ద 189 మందితో ఒక విమానము చక్రముల సమస్య వలన దాదాపు గంట సేపు తిరిగినది. పరిచారికలు ప్రయాణికులను సిద్ధము చేయువరకు ఆగుదమని కెప్టెను ఆలోచన. అది మంచిదే. కాని ఇంధనము అయిపోవుచున్నదని ప్రక్కవారు మెత్తమెత్తగా సూచించినారే తప్ప గట్టిగా చెప్పలేదు. ఇంధనము తీరి విమానము కూలినది. 10 మంది చనిపోయినారు. అందులో ఒకరు పరిచారిక.

ఇవి కాక్‌పిట్ లోపలి మౌనములు. 1989లో రెండు ప్రమాదములు తలుపు వెనుకనున్న మౌనమును లోకమునకు చూపినవి.

1989 జనవరి 8న ఇంగ్లండులో కెగ్‌వర్త్ వద్ద బోయింగ్ 737 విమానము కూలి 47 మంది మరణించినారు. చెడినది ఎడమ ఇంజను. పైలట్లు పొరపాటున కుడి ఇంజను ఆపివేసినారు. కుడి ఇంజనులో దోషమున్నదని కెప్టెను ప్రయాణికులకు ప్రకటించినారు కూడ. ఎడమ ఇంజనునుండి మంటలు రావడము వెనుకనున్న పరిచారకులలో కొందరు, ప్రయాణికులలో పలువురు తమ కన్నులతో చూచినారు. ఆ చూచినది ముందు తలుపు దాటి పోలేదు. ఆ రెండు సంగతులు ఒకచోట కలిసినచో మంచి ఇంజను మరల పని చేసెడిదేమో.

అదే యేడు మార్చి 10న కెనడాలో డ్రైడెన్ అను ఊరివద్ద ఇంకొక విమానము రెక్కల మీద మంచు పేరుకొని ఎగురలేక అడవిలో కూలినది. 69 మందిలో 24 మంది పోయినారు. బ్రతికిన పరిచారిక విచారణలో సాక్ష్యము చెప్పినది. మంచును ఆమె చూచినది. కాని విమానము నడుపు విషయములలో పరిచారికలు చెప్పు మాటను పైలట్లు స్వాగతింపరని ఆమె అభిప్రాయము. పైలట్లకు అన్నియు తెలియునని నమ్ముటకే ఆమెకు శిక్షణ. ప్రయాణికులుగా కూర్చున్న ఇద్దరు పైలట్లు కూడ మంచు చూచి ఊరకున్నారు. న్యాయమూర్తి మొషాన్‌స్కీగారు 1992లో ఇచ్చిన నివేదికలో దోషమును ఒక్క కెప్టెను నెత్తిన పెట్టక, ఆ వ్యవస్థనంతటిని విప్పి చూపినారు. 1930 నాటి సలాము 1989 వరకు బ్రతికియున్నదని నాకు తోచుచున్నది.

మాట్లాడుట నేర్పినారు

1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారు ఈ ప్రమాదములను ముందు పెట్టుకొని ఒక సమావేశము జరిపినారు. యంత్రము చెడుటకన్న మనుషులు ఒకరితో ఒకరు సరిగా చెప్పుకొనకపోవుట వలన ఎక్కువ ప్రమాదములు జరుగుచున్నవని తేల్చినారు. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మొదటగా దీనికి ఒక శిక్షణ ఏర్పాటు చేసినది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని దాని పేరు. మొదట పైలట్లకు మాత్రమే. 1989 ప్రమాదముల పిమ్మట పైలట్లను, పరిచారకులను ఒకే గదిలో కూర్చుండబెట్టి నేర్పుట వ్యాపించినది.

ఆ శిక్షణ సారమును మన భాషలో చెప్పవలెనన్న, పెద్దవాడు అడుగవలెను, చిన్నవాడు చెప్పవలెను. బయలుదేరక ముందు కెప్టెను వెనుకవారిని కలిసి వాతావరణము, ప్రయాణకాలము, ప్రమాద సంకేతములు చెప్పును. అత్యవసరము వచ్చినచో నాలుగు మాటలు: ఏమి జరిగినది, ఏమి చేయబోవుచున్నాము, ఎంత సమయమున్నది, ప్రత్యేకముగా ఏమి చేయవలెను. విన్నవారు దానిని తిరిగి అప్పజెప్పవలెను. మా రైల్వేలో స్టేషను మాస్టరు, గేటుమను ప్రైవేటు నంబరు ఇచ్చిపుచ్చుకొని వ్రాసికొనుట వంటిదే ఇది. విన్నాననుట చాలదు, విన్నది సరియైనదని తేలవలెను.

ఒక చిక్కు మాత్రము ఉన్నది. 1981లో అమెరికా ప్రభుత్వము, 10,000 అడుగుల క్రింద ఎగురునప్పుడు పైలట్లను పనికిరాని మాటలతో కదిలింపరాదని నియమము పెట్టినది. మంచి నియమమే. కాని ఏది పనికిరాని మాట, ఏది ప్రాణము నిలుపు మాట అని తేల్చుకొనలేక కొందరు పరిచారికలు ఊరకుండుట జరిగినది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత కాక్‌పిట్ తలుపులు గట్టి తాళముల తలుపులైనవి. దొంగలు రాకుండ వేసిన తలుపు ఇంటివారిని కూడ విడదీసినది. ఇప్పుడు ముందుకు వెనుకకు నడుమ ముఖ్యమైన దారి ఒక టెలిఫోను తీగ. అందుచేతనే ఆ తీగ మీద నమ్మకము మునుపటికన్న ఎక్కువ ఉండవలెను.

మాట నిలిపిన ప్రాణములు

మౌనము చంపినట్లే మాట బ్రతికించినది కూడ. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ విమానమును ముష్కరులు పట్టుకొన్నప్పుడు, మన చండీగఢ్ బిడ్డ నీరజా భనోత్ అందులో ముఖ్య పరిచారిక. ఆమె వెంటనే సంకేతముతో కాక్‌పిట్‌కు సంగతి చేర్చినది. పైలట్లు పైకప్పు ద్వారమునుండి దిగిపోయినారు. నడుపువారు లేక విమానము నేలమీదనే ఉండిపోయినది. పైలట్లు పారిపోయినారని నిందించినవారు ఉన్నారు. కాని నడుపువారు దొరికియుంటే ఆ విమానము ఎక్కడకు పోయెడిదో ఊహింపవచ్చును. ఇరువదిమందికి పైగా మరణించినను వందలమంది బ్రతికినారు. పిల్లలను కాపాడుచు నీరజ ప్రాణము విడిచినది. ఇంకను 23 ఏండ్లు నిండలేదు. ప్రభుత్వము ఆమెకు అశోకచక్రము నిచ్చినది. "కాఫీలు అందించు పనియా?" అని అడుగువారికి ఈ ఒక్క పేరు చాలును.

2024 జనవరి 2న జపానులో హనెడా విమానాశ్రయమున దిగుచున్న విమానము రన్‌వే మీదనున్న చిన్న విమానమును ఢీకొని మంటలలో చిక్కినది. నిప్పు అంటుకొన్నదని పైలట్లకు మొదట తెలియదు. పరిచారికలే తెలిపినారు. మైకులు పని చేయలేదు. చేతి మెగాఫోనులతోను, గొంతులతోను నడిపించినారు. 8 ద్వారములలో 3 మాత్రమే క్షేమమని తేల్చుకొని వాటినే తెరచినారు. ఆ పెద్ద విమానములోని 379 మందియు బయటపడినారు. రెండవ విమానములో 5 గురు చనిపోవుట విచారకరము.

మన రాష్ట్రమున 2010 మే 22న మంగళూరులో జరిగినది దీనికి ఎదురు ఉదాహరణము. విమానము సరియైన ఎత్తున లేదు, మరల పైకి లేపుడని కో-పైలటు మూడుమార్లు చెప్పినాడు. కెప్టెను వినక దింపినాడు. 166 మందిలో 158 మంది పోయినారు. ఇద్దరు పైలట్లు, నలుగురు పరిచారకులు, అందరును పోయినారు. మాట చెప్పుట ఎంత ముఖ్యమో, దానిని వినుట అంతకన్న ముఖ్యమని ఆ కొండవాలు చెప్పుచున్నది.

నేడు

1985 నవంబరులో కలకత్తానుండి సిల్చరుకు ఒక ఫోకర్ విమానము పోయినది. కెప్టెను సౌదామినీ దేశ్‌ముఖ్, కో-పైలటు నివేదితా భసీన్, పరిచారకులందరును స్త్రీలే. ఎలెన్ చర్చ్ అడిగినది, ప్రేమ్ మాథుర్ సగము పొందినది, ఆ దినమున పూర్తిగా లభించినది. ఇప్పుడు మన దేశపు పైలట్లలో నూటికి 12 మందికి పైగా స్త్రీలు. ప్రపంచములో సగటు సుమారు 5 మాత్రమే. వెనుక భాగములో పురుషులును పని చేయుచున్నారు. కనుక ముందు మగవాడు, వెనుక ఆడది అను పాత గీత చెరిగిపోవుచున్నది.

గీత చెరిగినను అధికారపు మెట్టు ఉండును, ఉండవలెను. విమానములో తుది నిర్ణయము కమాండరుదే అని చట్టము. ఇల్లు అన్న తరువాత ఒక పెద్ద ఉండునట్లే. పెద్దరికము వినుటకు అడ్డము కారాదు. అంతే. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో ఎయిర్ ఇండియా విమానము కూలినప్పుడు ఇద్దరు పైలట్లు, పదిమంది పరిచారకులు ప్రయాణికులతోబాటు ఒక్క క్షణములో పోయినారు. చావులో ముందు వెనుకలు లేవు. బ్రతుకులో ఎందుకుండవలెను?

మా నిడుగల్లు వంటి కొండకోటలో పైనున్న బురుజువానికి దూరపు దుమ్ము కనబడును, క్రింద వాకిలివానికి దగ్గర మనిషి మొగము కనబడును. ఇద్దరు చెప్పుకొన్నప్పుడే కోటకు కన్నులు పూర్తియగును. రైలుకు జెండా, విమానమునకు టెలిఫోను, కుటుంబమునకు భోజనమువేళ మాట. అన్నిటి పని ఒక్కటే.

కనుక సోదరీసోదరులారా, మీ ఇంట పైలటు కాదలచిన పిల్లవాడో పిల్లయో ఉన్నచో వెనుకవారి పేర్లు అడిగి తెలుసుకొమ్మని నేర్పుడు. పరిచారిక కాదలచిన బిడ్డ ఉన్నచో, తట్ట పట్టుటకన్న ముందు నోరు తెరచి చెప్పుట తన ధర్మమని నేర్పుడు. ఈసారి విమానమెక్కినప్పుడు తలుపువద్ద నమస్కరించు ఆ ఉద్యోగికి మీరును చేతులెత్తి నమస్కరింపుడు. నిప్పు అంటుకొన్న వేళ 90 సెకండ్లలో మనలను బయటికి పంపవలెనని శిక్షణ పొందిన మనిషి ఆమె.

ఉగాది పచ్చడిలో చేదు, తీపి, పులుపు దేనికది వేరుగా ఉండియు ఒకే గిన్నెలో కలసి రుచి నిచ్చును. మన సంఘ కుటుంబములలోని ఉద్యోగులందరు, ముందున్నవారును వెనుకనున్నవారును, అట్లే కలసి క్షేమముగా ఇల్లు చేరుదురు గాక. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.